దయ్యానికైనా ఒక కట్టుబాటు ఉండాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. కొంతకాలంగా మీ ఆదివారం అనుబంధంలో వస్తున్న కొత్త నవలల పరిచయాలను క్రమం తప్పకుండా చదువుతున్నాను. వాటిలో దయ్యాలు, క్షుద్రశక్తులు, మాయాలోకాలు ఉన్న నవలల వాటా పెరుగుతూండడం సంతోషించవలసిన సంగతే. అయితే సాంఘిక నవల వస్తే వస్తువు గురించీ, పాత్రల గురించీ, భాష గురించీ నాలుగు పేరాలు ఓపికగా రాసే సమీక్షకులు, హారర్ నవల దగ్గరకు వచ్చేసరికి ఒళ్లు గగుర్పొడిచిందనీ, రాత్రి నిద్ర పట్టలేదనీ చెప్పి కలం దించేస్తున్నారు. ఫాంటసీ నవల అయితే ఊహాశక్తి అమోఘం అన్న ఒక్క ముక్కతో సరి. ఈ ప్రక్రియలను ఇష్టంగా చదివే పాఠకుల్లో ఒకరిగా, వాటిని ఇంత తేలిగ్గా వదిలిపెట్టడం ఆ నవలలకే మేలు చేయదని చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను. కొంచెం పొడవైనా అచ్చుకు నోచుకుంటుందని ఆశ.

దయ్యాల కథలంటే తక్కువ రకం సాహిత్యమన్న చిన్నచూపు మనకు ఎప్పుడు అలవాటైందో గానీ, మన కథల పుట్టుక అలా లేదు. శాతవాహన రాజు కొలువును విడిచిన గుణాఢ్యుడు పైశాచీ భాషలో, అడవిలో సిరా దొరకక తన నెత్తుటితో బృహత్కథ రాశాడనీ, రాజు దాన్ని తిరస్కరిస్తే ఒక్కొక్క పత్రమే మృగాలకు చదివి వినిపిస్తూ నిప్పులో వేశాడనీ కథాసరిత్సాగరం చెబుతుంది. భయానికీ అద్భుతానికీ ఇంతకు మించిన గౌరవం ఏ సాహిత్యమూ ఇచ్చి ఉండదు. విశ్వనాథ సత్యనారాయణ గారు గుర్రపు ముఖం గల గంధర్వుణ్ణి లండన్ నగరం నడిబొడ్డున పడవేసి 'హాహాహూహూ' రాసినప్పుడు కూడా పిల్లలను నవ్వించడానికి రాయలేదు. ఆ నగరం తన విజ్ఞానం గురించి పెంచుకున్న నమ్మకాన్ని పరీక్షకు పెట్టడానికి రాశారు. కాబట్టి ఈ నవలలను కూడా పెద్ద నవలలను తూచే తక్కెడలోనే తూచవచ్చు.

తూచేటప్పుడు నేను మొదట చూసేది ఒకటే. కథలోని శక్తికి ఒక కట్టుబాటు ఉందా, ఆ కట్టుబాటుకు రచయిత చివరిదాకా లోబడ్డాడా అన్నది. విక్రమార్కుడి భుజం మీది శవంలో ఉన్న బేతాళుణ్ణి తీసుకోండి. సమాధానం తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల వేయి వ్రక్కలవుతుంది. చెబితే మౌనభంగమై బేతాళుడు శవంతో సహా మాయమై తిరిగి చెట్టెక్కుతాడు. ఈ రెండు షరతులూ లేకపోతే మిగిలేది శ్మశానంలో ఒక రాజు మోసిన బరువు మాత్రమే. రాజు గొప్పవాడు కదా అని ఏ రాత్రీ షరతు సడలలేదు. బేతాళుడు కూడా తన మాటకు తానే బందీ. నిజానికి రాజు తల పగలడం కథలో ఎక్కడా జరగదు. జరుగుతుందని మనం నమ్మడమే చాలు, ఆ నమ్మకం కలిగించేది షరతులోని కాఠిన్యమే.

ఒకప్పుడు మన ఊళ్లలో ఇళ్ల తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి ఉండేది. రాత్రిపూట తలుపు తట్టే ఆడదయ్యం ఆ రాత చూసి వెనక్కి వెళ్తుందనీ, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుకుని వెళ్తుందనీ జనం చెప్పుకునేవారు. చదువు వచ్చిన దయ్యాన్ని, పైగా మాట మీద నిలబడే దయ్యాన్ని ఊహించిన వాళ్ల చమత్కారం సంగతి అలా ఉంచితే, ఆ ఒక్క వాక్యంలో మంచి భయానక కథకు కావలసిన సామగ్రి అంతా ఉంది. ప్రమాదం ఉంది, దాన్ని ఆపే ఉపాయం ఉంది, ఆ ఉపాయం ఏ ఒక్క రాత్రికి మించీ పనిచేయదన్న గుబులూ ఉంది. వాన వచ్చి సున్నం కరిగి అక్షరాలు చెరిగిపోతే ఏమవుతుందన్న ప్రశ్న ఎవరూ వేయకుండానే పుడుతుంది.

ఇంకా వెనక్కి వెళ్తే 16వ శతాబ్దంలో పింగళి సూరన ఈ సూత్రాన్ని ఎంత దూరం లాగవచ్చో చూపించాడు. కళాపూర్ణోదయంలో బ్రహ్మ సరసానికని సరస్వతికి ఒక కథ అల్లి చెబుతాడు. అది తమ ప్రణయాన్నే మరుగుపరచి చెప్పిన కథ అని ఆమె గ్రహిస్తుంది. కానీ బ్రహ్మ నోట వెలువడిన మాట జరగక తప్పదు. సరదాకు చెప్పిన కథలోని మనుషులు భూమి మీద నిజంగానే పుట్టి, ఆ కథలోని బతుకులు బతకవలసి వస్తుంది. సృష్టికర్తను కూడా తన మాట కట్టిపడేస్తుందన్న ఈ ఒక్క నియమం మీద అంత చిక్కని కావ్యం నిలబడింది.

ఇప్పుడు కొత్తగా వస్తున్న తెలుగు హారర్ నవలలకు వస్తాను. కష్టపడి రాస్తున్న యువతీయువకులను పేరుపెట్టి నొప్పించడం నా ఉద్దేశం కాదు గనుక ఎవరి పేరూ రాయను. వారిలో భాష మీద పట్టున్నవారు ఉన్నారు, ఊరి వాతావరణాన్ని కళ్లకు కట్టేవారూ ఉన్నారు. కానీ చాలా నవలల్లో జరుగుతున్నది ఇది: మొదటి అధ్యాయాల్లో దయ్యం పొలిమేర రాయి దాటి ఊళ్లోకి రాజాలదని ముసలమ్మ చేత గట్టిగా చెప్పిస్తారు. వంద పేజీలు తిరిగేసరికి ఆ దయ్యమే హైదరాబాద్ అపార్ట్‌మెంట్ లిఫ్టులో కనిపిస్తుంది. ఎలా దాటిందని పాత్రలూ అడగవు, రచయితా చెప్పడు. అమావాస్య అర్ధరాత్రి మాత్రమే పనిచేయవలసిన మంత్రం కథానాయకుడి అవసరాన్ని బట్టి సప్తమి మధ్యాహ్నం కూడా పనిచేస్తుంది. ఇనుము తగిలితే పారిపోయే పిశాచం ఒక అధ్యాయంలో కారు బానెట్ మీద కూర్చుంటుంది. ఇక చివర్లో ఎన్నడూ పేరు వినని స్వామీజీ ఒకరు హిమాలయాల నుంచి దిగి, మూడు పేజీల ఉపన్యాసం ఇచ్చి, విభూతి చల్లి సమస్య తీర్చేస్తారు. అంతవరకూ పాఠకుడు పడ్డ భయానికి విలువ లేకుండా పోతుంది. దేనికైనా వీలుందని తెలిసిపోయిన చోట భయపడవలసిన పని ఏముంది?

ఇందుకు కారణం రచయితల అశ్రద్ధ ఒక్కటే అనుకోను. ఈ నవలల్లో చాలా భాగం ఫోన్లలో రోజుకో భాగంగానో, వారానికి రెండు భాగాలుగానో మొదట వెలువడుతున్నాయి. ఎన్ని భాగాలు సాగితే రచయితకు అంత గుర్తింపు, కొన్నిచోట్ల అంత ఆదాయం. పాఠకులు మెచ్చిన పాత్ర చనిపోతే మర్నాడు బతికి రావాలి, కథ ముగింపుకు వస్తే కొత్త శాపం ఒకటి పుట్టాలి. వారపత్రికల సీరియళ్లకు కూడా ఇలాంటి ఒత్తిడి ఉండేది, కాదనను. అయితే అక్కడ రచయితకూ అచ్చుకూ మధ్య ఒక సంపాదకుడు కూర్చుని ఉండేవాడు. పదో వారంలో చెప్పిన మాటకూ ముప్ఫయ్యో వారంలో రాసినదానికీ పొంతన కుదరకపోతే అడగగలిగినవాడు, అడిగే అధికారం ఉన్నవాడు. ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీగా ఉంది. అడిగినన్ని ప్రతులే అచ్చువేసే సౌకర్యం వచ్చాక పుస్తకంగా తేవడం కూడా సులువైంది గనుక, ఫోన్‌లో వచ్చిన భాగాలనే అచ్చుతప్పులతో సహా కుట్టి పుస్తకమంటున్నారు. రెండు వందల పేజీలు తీసేస్తే బాగుపడే నవలలు వీటిలో కొన్ని నిజంగా ఉన్నాయి.

రెండో కారణం సినిమా. 2021లో 'మా ఊరి పొలిమేర', 2023లో దాని రెండో భాగం, అదే ఏడాది 'విరూపాక్ష' వచ్చి ఆదరణ పొందాక, చేతబడి, పాడుబడ్డ గుడి, ఊరంతా దాచిపెట్టిన ఒక పాత నేరం అన్న మూడింటి చుట్టూ తిరిగే నవలలు ఎక్కువయ్యాయి. ఆ సినిమాల మీద నాకు ఫిర్యాదు లేదు. సినిమా చేయగలిగిన పనిని నవల చేయబోవడం మీదే నా ఫిర్యాదు. వెండితెర మీద అప్పటిదాకా నిశ్శబ్దంగా ఉండి ఒక్కసారిగా పెద్ద చప్పుడుతో మొహం కనిపిస్తే ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు. అదే సంగతి అచ్చులో 'కీచుమని తలుపు తెరుచుకుంది', 'దబ్బున ఏదో పడింది', 'కెవ్వున కేక వేసింది' అని మూడు ఆశ్చర్యార్థకాలతో రాస్తే ఎవరూ ఉలిక్కిపడరు, పేజీ తిప్పుతారు. నవల దగ్గర చప్పుడు లేదు, కానీ కాలం ఉంది. రోజూ ఐదు కంచాలు వేసే ఇంట్లో ఒక రాత్రి ఆరో కంచం కూడా వేసి ఉందనీ, వడ్డించే ఇల్లాలు అందులో కూడా అన్నం పెట్టిందనీ మామూలు గొంతుతో ఒక వాక్యం రాసి, దాని గురించి మరో పాతిక పేజీలు మాట్లాడకుండా ఉండగల నిగ్రహం నవలకే సాధ్యం. తర్వాత వచ్చే ప్రతి భోజనంలోనూ పాఠకుడే కంచాలు లెక్కపెడతాడు. ఆ పనిని అతని చేతిలో పెట్టే బదులు మనవాళ్లు ప్రతి అధ్యాయాన్నీ సినిమాగా తీయడానికి అనువుగా, కెమెరా ఎక్కడుందో తెలిసేలా రాస్తున్నారు. హక్కులు కొనే నిర్మాత దొరుకుతాడేమోనన్న ఆశ సహజమే, దానికి పుస్తకం కొన్న పాఠకుడు మూల్యం చెల్లించవలసి రావడమే బాధ.

ఫాంటసీ నవలల జబ్బు వేరు. వాటిలో పుస్తకం తెరవగానే ఒక పటం ఉంటుంది, ఏడు రాజ్యాలుంటాయి, వాటికి అటు సంస్కృతమూ ఇటు ఇంగ్లీషూ కాని పేర్లుంటాయి. కొండల మీద కోటలు, కోటల్లో అగ్ని కక్కే పక్షులు, వెండి జుట్టు రాకుమార్తెలు. ఇంతమంది సైనికులు తినే తిండి ఎవరు పండిస్తున్నారో మాత్రం ఎక్కడా కనిపించదు. నాగలి లేదు, చెరువు లేదు, పన్ను వసూలు చేసేవాడు లేడు, సంత లేదు. వేల ఏళ్ల చరిత్ర ఉన్న రాజ్యంలో ఒక సామెత పుట్టలేదు, ఒక వంటకం పుట్టలేదు, పాత్రలు తినేది రొట్టె, తాగేది ద్రాక్షాసవం. గోదావరి ఒడ్డున కూర్చుని రాసిన నవలలో మంచు తప్ప వాన కురవకపోవడం నాకు వింతగా ఉంటుంది.

కల్పిత లోకం నమ్మదగినదిగా ఉండడానికి ఏమి కావాలో తెలుసుకోవాలంటే ఇంగ్లీషు రచయిత్రి సుసానా క్లార్క్ 2020లో ప్రచురించిన 'పిరనేసి' చదవమని ఈ రచయితలకు సలహా ఇస్తాను. మరుసటి సంవత్సరం, మహిళలు ఇంగ్లీషులో రాసిన నవలలకు ఇచ్చే విమెన్స్ ప్రైజ్ అందుకున్న ఈ నవల పెద్దదేమీ కాదు. అంతులేని హాళ్లతో, విగ్రహాలతో నిండిన ఒక ఇల్లు, కింది అంతస్తులో సముద్రం, పై అంతస్తులో మేఘాలు. ఇంతకు మించి అసాధ్యమైన చోటు ఉండదు. కానీ అందులో బతుకుతున్న మనిషి ఏ హాలులోకి ఏ వేళకు పోటు వస్తుందో పుస్తకంలో రాసి పెట్టుకుంటాడు, చేపలు పడతాడు, సముద్రపు నాచు ఎండబెట్టుకుంటాడు. పోటు లెక్క తప్పితే మునిగి చస్తాడు. అందుకే చివరికి పోటు ముంచుకొచ్చినప్పుడు అది రచయిత్రి అవసరానికి వచ్చినట్టు ఉండదు, రావలసిన వేళకు వచ్చినట్టు ఉంటుంది. ఆ ఇంటి రహస్యం ఏమిటన్నది ఇక్కడ చెప్పి, చదవబోయేవారి ఆనందం చెడగొట్టను.

ఇది మనకు తెలియని విద్య కాదు. 1947 జూలైలో మొదలైన చందమామలో 1954లో 'తోకచుక్క'తో ఆరంభించి 'రాకాసి లోయ', 'శిథిలాలయం', 'మాయా సరోవరం' వంటి ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి లోకాలు కూడా పూర్తిగా కల్పితాలే. ఆ రాజ్యాలు ఏ చరిత్రలోనూ లేవు. అయినా వాటిలో అడవి అడవిలా ఉంటుంది, దారి తప్పినవాడికి ఆకలి వేస్తుంది, కోయగూడేనికి ఒక పెద్ద ఉంటాడు, మాంత్రికుడికి కూడా శత్రువులుంటారు, వాడి మంత్రానికి హద్దు ఉంటుంది. 'మాయా సరోవరం'లో జయశీలుడూ సిద్ధసాధకుడూ గండం నుంచి గండానికి వెళ్తూ బయటపడేది ఎక్కువగా యుక్తి వల్లే, అప్పటికప్పుడు పుట్టిన వరం వల్ల కాదు. పిల్లల పత్రికలో వచ్చిన కథలు పెద్దల కోసం రాశామంటున్న నేటి నవలల కన్నా పకడ్బందీగా ఉండడం ఆలోచించవలసిన విషయం. చందమామ చిత్రకారుడు చిత్రా గారి బొమ్మల సంగతి సరే, వాటి గురించి వేరే లేఖ రాయాలి.

ప్రపంచమంతటా ఇప్పుడు ఈ నవలలకు గిరాకీ ఉన్నమాట నిజం. రెబెకా యారోస్ రాసిన డ్రాగన్ స్వారీల నవలా మాలికలో మూడోదైన 'ఒనిక్స్ స్టార్మ్' 2025 జనవరిలో విడుదలైన మొదటి వారంలోనే 27 లక్షల ప్రతులు అమ్ముడుపోయినట్టు వార్తలు వచ్చాయి. మన కాలేజీ పిల్లలు కూడా వాటిని చదువుతున్నారు, చదవనివ్వండి. ప్రేమకథకు డ్రాగన్ రెక్కలు తొడిగిన ఆ నవలలు వేగంగా సాగుతాయి, అంతకు మించి వాటి గురించి నాకు చెప్పాలని లేదు. తెలుగులో వాటికి నకళ్లు మాత్రం అక్కరలేదు. మూలమే చేతికి అందుతున్నప్పుడు నకలు ఎవరు కొంటారు?

హారర్ విషయంలో ఇంకొక ప్రశ్న ఉంది. అది కేవలం నేర్పుకు సంబంధించినది కాదు. యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది. తెలుగు పాఠకుల ఇళ్లల్లో భయాన్ని తీసుకువచ్చి కూర్చోబెట్టిన నవల అది. దాని బలం మంత్రాల్లో కన్నా, ఒక మామూలు కుటుంబంలోని చిన్నపిల్ల కళ్లముందే నలిగిపోతూంటే తల్లిదండ్రులు ఏమీ చేయలేకపోవడంలో ఉంది. మంత్రమూ వైద్యమూ పక్కపక్కనే నడిచి, పిల్లను కాపాడింది ఏదో పాఠకుడే తేల్చుకోవలసిన పరిస్థితి కల్పించడం కూడా తెలివైన పనే. కానీ రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అంటూ దాన్ని తీవ్రంగా విమర్శించారు. క్షుద్రశక్తుల మీద జనానికున్న నమ్మకాన్ని నవల బలపరుస్తోందన్నది ఆ విమర్శ సారం. రంగనాయకమ్మ గారి తీర్పుతో నేను పూర్తిగా ఏకీభవించను. దయ్యం ఉందని కథ చెప్పినంత మాత్రాన పాఠకుడు మూఢుడైపోడు, బేతాళకథలు చదివి ఎవరూ శవాలు మోయలేదు. అయినా ఆ విమర్శలో ఒక ప్రశ్న ఉంది, దానికి కొత్త నవలాకారులు జవాబు చెప్పవలసి ఉంది: కథలో మంత్రగాడిగా ఎవరిని నిలబెడుతున్నారు?

చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఉదంతాలు తెలంగాణ పల్లెల నుంచి ఇప్పటికీ మీ పత్రికలోనే వార్తలుగా వస్తున్నాయి. అలా చనిపోయేవారు సాధారణంగా ఒంటరి వృద్ధులు, వితంతువులు, పేదలు, ఊళ్లో ఎవరి అండా లేనివారు. ఈమధ్య వచ్చే నవలల్లో మంత్రగాడు ఎవరని చూడండి. కోయవాడో, చెంచువాడో, కాటికాపరో, ఊరి చివర గుడిసెలో ఉండే జుట్టు విరబోసుకున్న ముసలావిడో. కథానాయకుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పేదవాడి గుడిసెను భయానికి నెలవుగా చూపించడం తరతరాల అలవాటు, అందుకు కొత్త ఊహ ఏమీ అక్కరలేదు. ఆ అలవాటును తిరగేయడానికే ఊహ కావాలి.

తిరగేసి రాసినవారు ఉన్నారు. సిల్వియా మొరెనో-గార్సియా 2020లో ప్రచురించిన 'మెక్సికన్ గోథిక్'లో భయం ఉన్నది గూడెంలో కాదు, దొరల బంగళాలో. 1950లలో మెక్సికోలో వెండి గని నడిపిన ఒక ఇంగ్లీషు కుటుంబం, వారి పాత ఇల్లు, గోడల్లోపల పాకిన ఒక బూజు. ఆ బూజు ఆ కుటుంబాన్ని ఎందుకు బతికిస్తోంది, అందుకు ఎవరి ప్రాణాలు ఎరువయ్యాయి అన్నది క్రమంగా తెలుస్తుంది. గని కూలీల బతుకులకూ ఆ ఇంటి శాపానికీ ఉన్న లంకె నవలకు వెన్నెముక. మధ్యలో కొంత సాగదీత ఉంది, చివరి అధ్యాయాల్లో తొందర ఉంది, అయినా ఎవరిని చూసి భయపడాలో రచయిత్రికి స్పష్టంగా తెలుసు. శ్రీలంక రచయిత వజ్ర చంద్రశేఖర 2023లో రాసిన 'ది సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్' మనకు ఇంకా దగ్గరి నవల. పుట్టగానే తల్లి చేత నీడ తెంపించుకుని, మహాత్ముడిగా పూజలందుకుంటున్న తండ్రిని చంపడానికే పెంచబడిన కొడుకు కథ అది. ఎవరూ తెరవలేని తలుపులున్న ఆ నగరంలో రాక్షసుల కన్నా భయపెట్టేవి మనుషులను జాతులుగా, కులాలుగా విడదీసి రాసుకునే దస్తావేజులూ, అల్లర్లూ, నిర్బంధ శిబిరాలూ. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే నెబ్యులా బహుమతి పొందిన ఈ నవల అంత తేలిగ్గా కొరుకుడు పడదు, సగందాకా ఓపిక పట్టాలి. ఇలాంటి నవల మన పొరుగు ద్వీపం నుంచి రాగలిగినప్పుడు మన దగ్గర నుంచి ఎందుకు రాకూడదు?

సరుకు లేక కాదు. ఒకప్పటి కర్నూలు జిల్లాలోని సంగమేశ్వరం గుడి శ్రీశైలం జలాశయంలో మునిగి, ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లకిందే ఉండి, నీరు తగ్గిన కొద్ది నెలలు మాత్రమే బయటపడుతుంది. ఆ జలాశయం కింద ఊళ్లు కూడా ఉన్నాయి, ఆ ఊళ్లకు బొడ్రాయిలూ పోలేరమ్మలూ ఉండేవారు. ఊరు మునిగి జనం కొత్త కాలనీకి తరలిపోతే గ్రామదేవత ఎక్కడికి వెళ్తుంది? పొలిమేర నీళ్లలో కలిసిపోయాక కాపలా ఎక్కడ కాస్తుంది? 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ ఊళ్లను ఊడ్చి వేలమందిని పొట్టన పెట్టుకుంది. కాకినాడ దగ్గరి తీరాన ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన కోరంగి రేవు 1839 తుపానుతో దెబ్బతిని మళ్లీ కోలుకోలేదు. ఏలూరు పక్కన కొల్లేరు ఉంది, భూమి లోపల మైళ్ల కొద్దీ సింగరేణి సొరంగాలున్నాయి. వీటిలో ఏ ఒక్కటి తీసుకున్నా రచయిత కొత్తగా భయాన్ని పుట్టించనక్కరలేదు, ఉన్నదానికి కట్టుబాటు కనిపెడితే చాలు. పోలవరం ముంపు గ్రామాల నుంచి తరలిపోయిన కుటుంబాల్లోని పిల్లలు ఇప్పుడు చదువుకుని కథలు రాసే వయసుకు వస్తున్నారు. ఆ నవల వాళ్లలో ఎవరైనా రాస్తే దాన్ని ముందుగా చదివేవారిలో నేనుంటాను.

ఇక మీకు నా విన్నపాలు. మొదటిది, ఈ నవలలను సమీక్షకు ఇచ్చేటప్పుడు ఆ ప్రక్రియ చదివే అలవాటున్నవారికే ఇవ్వండి. కట్టుబాటు ఎక్కడ తప్పిందో, ఎక్కడ నిలబడిందో చెప్పగలిగినవారు కావాలి. దయ్యాలంటే పడనివారు రాసే వెటకారమూ, ఎప్పుడూ చదవనివారు రాసే పొగడ్తా రెండూ రచయితకు ఉపయోగపడవు. రెండోది, పిల్లలకు తగినదీ కానిదీ ఒక్క వాక్యంలో సూచించండి. మాయాలోకం బొమ్మ అట్ట మీద చూసి పదేళ్ల పిల్లలకు కొనిచ్చిన పుస్తకంలో తలలు నరికే వర్ణనలు పేజీల కొద్దీ ఉండడం వల్ల ఇబ్బంది పడుతున్న తల్లిదండ్రులు ఉన్నారు.

మూడోది, ఇది కొంచెం పెద్ద కోరిక. అనుబంధంలో వారానికి ఒక పేజీ కేటాయించి, తెలుగు నేల మీద జరిగే భయానక నవలో అద్భుత నవలో ఒకటి ధారావాహికగా వేయండి. రచయిత ముగింపుతో సహా మొత్తం నవల రాసి ఇచ్చాకే మొదటి భాగం అచ్చుకు వెళ్లాలన్న షరతు పెట్టండి. దాని మీద కూర్చుని అక్కరలేని చోట కోత పెట్టగల సంపాదకుణ్ణి ఒకరిని నియమించండి. బొమ్మలు కంప్యూటర్ చేత వేయించకుండా చిత్రకారుడి చేత వేయించండి. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు అన్నేళ్లు రాసినా ఆ ధారావాహికల మీద రచయిత పేరు ఉండేది కాదు, ఆయనెవరో పాఠకులకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీరు మాత్రం రచయిత పేరూ, చిత్రకారుడి పేరూ మొదటి వారం నుంచే పెద్ద అక్షరాల్లో వేయండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం